ప్రోనోటు మీద నాన్నగారి సంతకం: ల్యాబుకు పంపితే ఏం తేలుతుంది, ఏం తేలదు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే దిద్దండి. మీ నాన్నగారు రిటైరైన ఉపాధ్యాయులు. 2022 ఏప్రిల్‌లో ఆరు లక్షలకు ప్రోనోటు రాసిచ్చారనీ, 2025 మార్చి చివర్లో రెండు వేలు కట్టి నోటు వెనక చెల్లు (సొమ్ము జమ అయినట్టు రాత) రాయించి సంతకం చేశారనీ వాది అంటున్నాడు. నాన్నగారు 2025 మేలో పోయారు. నవంబరులో మీకూ అమ్మగారికీ సమన్లు వచ్చాయి. సంతకాలు రెండూ ఆయనవిలాగే ఉన్నాయి, అప్పు సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు, ఫోరెన్సిక్ ల్యాబుకు పంపితే నిజం తేలుతుందా అని అడిగారు. మధ్యలో, పెద్ద విషయం కాదన్నట్టు, ఒక ముక్క రాశారు: 2024 ఆగస్టులో ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిందని.

నేను చదువుతూ ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. ముప్పయ్యేళ్లకు పైగా వివాదాస్పద పత్రాల పరీక్షలోనే గడిపినవాణ్ణి. మీ కేసులో అసలు తాళం అక్కడుంది. మీరు దాన్ని గుమ్మం బయట వదిలేసి ఇల్లంతా వెతుకుతున్నారు.

ముందు ఒక సంగతి. నేను వకీలును కాను. చట్టం గురించి కింద చెప్పేదంతా సాక్షి బోనులో నిలబడి, క్రాస్ పరీక్షలో చీవాట్లు తిని నేర్చుకున్నది. మీ వకీలు గారితో సరిచూసుకోండి.

మీ చేతిలో ఉన్నది ఒక వివాదం కాదు, రెండు. నోటు ముందువైపు రెవెన్యూ స్టాంపు మీద ఉన్న సంతకం ఒకటి, వెనక చెల్లు కింద ఉన్నది ఇంకొకటి. ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. 2022 ఏప్రిల్ నోటుకు 2025 ఏప్రిల్‌తో కాలదోషం పట్టాలి. దావా నవంబరులో వేశారు కాబట్టి అది నిలబడేది ఆ చెల్లు మీదే. కాలపరిమితి చట్టం 19వ సెక్షన్ ప్రకారం గడువు తీరకముందే కొంత సొమ్ము చెల్లించి, ఆ సంగతి చెల్లించినవాడి రాతలోనో అతని సంతకంతోనో ఉంటే గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మూడేళ్లు నిండటానికి పది రోజుల ముందు, ఆరు లక్షల బాకీకి రెండు వేలు జమ! ఇలాంటి చెల్లులు నిజమైనవీ ఉంటాయి, ఎందుకంటే అప్పిచ్చినవాడు గడువు దగ్గరపడుతోందని ఇంటికొచ్చి రాయించుకోవడం మన ఊళ్లలో మామూలే. కానీ నా బల్ల మీదికి వచ్చిన ప్రోనోట్లలో ముందువైపు సంతకం అసలుదై, వెనక చెల్లు మాత్రమే దొంగదైన కేసులు తక్కువేమీ కాదు. అసలు నోటును సృష్టించడం కంటే చచ్చిపోతున్న నోటుకు ప్రాణం పోయడం తేలిక.

అందుకని "ఈ సంతకాలు నాన్నవా కావా" అని రెంటినీ ఒక గాటన కట్టి అడగవద్దు. జవాబు దావాలో రెంటినీ గుడ్డిగా కాదనేస్తే, రేపు ముందువైపుది ఆయనదేనని నివేదిక వస్తే, వెనకది దొంగదన్న మీ మాటకు కూడా విలువ పోతుంది. వారసులుగా మీకు ఒక వెసులుబాటు ఉంది. నోటు రాసిన రోజు మీరు అక్కడ లేరు కాబట్టి ఆ సంగతి మాకు తెలియదు, వాదే రుజువు చేసుకోవాలి అనవచ్చు. అది అబద్ధం కాదు. వెనక సంతకం గురించి మాత్రం గట్టిగా, కారణం చూపించి కాదనవచ్చు. ఎంతవరకు ఎలా రాయాలన్నది వకీలు పని.

ముందువైపు గురించి ఇంకో మాట. నోటులో సంతకం ఒకరిది, పైన ఉన్న రాత ఇంకొకరిది, సిరా కూడా వేరు అని చాలామంది ఎగిరి గంతేస్తారు. దాని వల్ల ఒరిగేది తక్కువ. ప్రోనోటు ఎవరు రాసినా చెల్లుతుంది, అందుకే కదా కింద దస్తూరి (నోటు రాసిపెట్టినవాడు) అని వేరే సంతకం ఉంటుంది. ఖాళీ నోటు మీద స్టాంపు అంటించి సంతకం చేసి ఇచ్చినా, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ దాన్ని పట్టుకున్నవాడికి నింపుకునే అధికారం ఇస్తుంది. మనవాళ్లు చీటీ పాటలకూ ఎరువుల బాకీకీ ఖాళీ నోట్ల మీద సంతకాలు పెట్టి ఇచ్చే అలవాటు ఎంత ప్రమాదమో ఈ ఒక్క సెక్షన్ చదివితే తెలుస్తుంది. నోటు మడత గీత మీద పడిన అక్షరాల్లో సిరా చెదిరిన పీచులోకి పాకి ఉంటే, కాగితం మడిచి దాచుకున్నాక ఆ రాత రాశారని మేం చెప్పగలం. అది వాది కథలో ఒక అబద్ధాన్ని బయటపెడుతుంది, అంతే. దావా ఒక్క దానితోనే పోదు.

ఇక సంతకం సంగతి. "అచ్చం నాన్నదిలాగే ఉంది" అన్నారు. చూడటానికి అలా ఉండటం దొంగ సంతకానికి కనీస అర్హత. పోలిక లేకపోతే ఎవరూ దాన్ని కోర్టుకు తేరు. మేం చూసేది ఆకారాన్ని కాదు, నడకను. ఏళ్ల తరబడి చేసిన సంతకంలో చెయ్యి ఆలోచించదు. గీత వేగంగా పుడుతుంది, మొదట్లో సన్నగా దిగి, మలుపులో నొక్కి, చివర్లో గాలిలోకి లేస్తూ పలచబడుతుంది. నకలు చేసేవాడు బొమ్మ గీస్తున్నాడు. కన్ను నమూనా మీద, కలం కాగితం మీద. అందుకని గీత మొదలూ చివరా మొద్దుగా ఉంటాయి, ఒత్తిడి అంతటా ఒకేలా ఉంటుంది, కలం ఎత్తనవసరం లేని చోట ఎత్తి మళ్లీ ఆనించిన గుర్తులుంటాయి, తర్వాత దిద్దిన పూతలుంటాయి. ఇవి కంటికి కనిపించవు, స్టీరియో మైక్రోస్కోపు కింద గోడ మీద పగుళ్లలా కనిపిస్తాయి.

తెలుగు సంతకాలు ఈ విషయంలో మాకు మేలు చేస్తాయి. మన అక్షరం గుండ్రన. గుండ్రని గీతను నెమ్మదిగా గీస్తే మూలలు తేలతాయి, అదే వేగంగా గీస్తే తేలవు. ఆపైన తలకట్టు ఎప్పుడు పెడతారు, అక్షరంతో పాటే కలిపేస్తారా, మాటంతా రాసి వెనక్కి వచ్చి పెడతారా? ఒత్తు ఎంత దిగువకు జారుతుంది? గుడి ఎటువైపు నుంచి తిరుగుతుంది? ఇంటిపేరు పొట్టి అక్షరం తర్వాత చుక్క పెడతారా, గీతలా లాగేస్తారా? ఇవేవీ సంతకం చేసేవాడికే తెలియవు. తెలియనివి కాబట్టే నకలు చేసేవాడూ పట్టించుకోడు. వాడు పేరును నకలు చేస్తాడు, అలవాటును కాదు.

రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే అతికినట్టు సరిపోయాయంటే అది అసలుదన్న రుజువు కాదు, దొంగదన్న రుజువు. ఏ మనిషీ ఒకే సంతకం రెండుసార్లు చేయడు. ఈ మాట మీద అమెరికాలో 1868లోనే పెద్ద రగడ జరిగింది. సిల్వియా హౌలాండ్ అనే సంపన్నురాలి వీలునామాకు జతచేసిన పేజీ మీద సంతకం, అసలు వీలునామా మీద సంతకం గీతకు గీత సరిపోయాయి. గణిత ఆచార్యుడు బెంజమిన్ పియర్స్ నలభైకి పైగా సంతకాలను జతలు జతలుగా పోల్చి, ముప్పై నిలువు గీతలూ అలా కలవడం యాదృచ్ఛికంగా అసాధ్యమని లెక్కగట్టి చెప్పాడు. ఆయన గణితంలో లోపాలున్నాయని తర్వాతివారు అన్నారు, కేసు కూడా చివరికి వేరే కారణం మీద తేలింది. కానీ చెప్పిన విషయంలో తప్పు లేదు. కిందికి వెలుతురు పెట్టి గాజు బల్ల మీద నకలు దించేవాళ్లు ఇప్పటికీ ఇక్కడే దొరికిపోతారు. ఇంకొందరు ఖాళీ రీఫిల్‌తో గట్టిగా అదిమి గాడి చేసి, దానిలో సిరా నడిపిస్తారు. పక్కవాటుగా లైటు వేస్తే సిరా గీత పక్కనే సిరా లేని గాడి నీడలా కనిపిస్తుంది. ఒకసారి ఒక చెల్లు కింద అలాంటి గాడి కనిపించినప్పుడు నేను కుర్చీలోంచి లేచి కిటికీ దాకా నడిచి వచ్చాను. అంత స్పష్టంగా ఎప్పుడో గాని దొరకదు.

ఇప్పుడు పక్షవాతం. మీ నాన్నగారి కుడిచెయ్యి 2024 ఆగస్టులో పడిపోతే, 2025 మార్చిలో ఆ చెల్లు కింద ఏ చేత్తో సంతకం చేశారు? రెండు సంతకాలూ ఆయనవిలాగే ఉన్నాయని మీరే అంటున్నారు. అంటే వెనకది కూడా 2022 నాటి ఆరోగ్యవంతుడి సంతకంలా ఉందన్నమాట. నాకు తట్టిన అనుమానం ఇదే. నకలు చేసేవాడికి దొరికేది నోటు ముందువైపు ఉన్న నమూనానే. తిప్పి చూసి వెనక దించుతాడు. మధ్యలో ఆ మనిషి చెయ్యి మారిపోయిన సంగతి అతని లెక్కలో ఉండదు.

అయితే ఇక్కడ తొందరపడకూడదు. పక్షవాతం వచ్చినవారిలో కొందరికి ఆరు నెలల్లో చెయ్యి బాగా తిరిగొస్తుంది. కొందరు ఎడమచేత్తో నేర్చుకుంటారు. వెనక సంతకంలో వణుకు ఉందని ఒకవేళ వాది వైపు నిపుణుడు చూపించి, "జబ్బు మనిషి కదా" అంటే దానికీ జవాబు ఉండాలి. ముసలితనపు వణుకు, జబ్బు వణుకు ఒక రకం. గీత కట్టుతప్పి ఎగుడుదిగుడుగా పోతుంది కానీ మధ్యమధ్యలో పాత వేగం తళుక్కుమంటుంది, ఆ మనిషి దాన్ని దిద్దడు, పట్టించుకోడు. నకలు చేసేవాడి వణుకు భయంతో వచ్చేది, నెమ్మదితో వచ్చేది. తేలికైన సరళరేఖలోనూ, కష్టమైన మెలికలోనూ అది ఒకేలా ఉంటుంది, తప్పు జరిగిన చోట దిద్దుబాటు ఉంటుంది. ఈ తేడా చెప్పాలంటే మాకు కావలసింది జబ్బు తర్వాత ఆయన నిజంగా చేసిన సంతకాలు.

అసలు పని అంతా ఇక్కడే ఉంది, అందరూ తేలిగ్గా తీసుకునేదీ ఇక్కడే. నిపుణుడు ఎంత గొప్పవాడన్నది తర్వాత, ఎలాంటి నమూనాలు ఇచ్చారన్నది ముందు. 1983లో జర్మనీలో స్టెర్న్ పత్రిక హిట్లర్ డైరీలని కోట్లు పోసి కొన్నప్పుడు పేరున్న చేవ్రాత నిపుణులే అవి అసలైనవని చెప్పారు. వారు పోల్చిన నమూనాల్లోనే అదే దొంగ, కొన్రాడ్ కుయౌ, రాసిన కాగితాలు కలిసి ఉన్నాయి. దొంగ రాతను దొంగ రాతతో పోలిస్తే సరిపోక ఏం చేస్తుంది? చివరికి దాన్ని పట్టించింది చేవ్రాత కాదు, కాగితం. యుద్ధం ముగిశాక వాడుకలోకి వచ్చిన తెల్లదనపు రసాయనం అందులో అతినీలలోహిత కాంతి కింద మెరిసింది.

మీరు వెతకవలసినవి రెండు గుంపులు. 2022కు అటూ ఇటూ రెండేళ్లలో చేసినవి ముందువైపు సంతకం కోసం. 2024 ఆగస్టు నుంచి 2025 మే దాకా చేసినవి వెనక సంతకం కోసం. బ్యాంకు విత్‌డ్రాయల్ స్లిప్పులు, చెక్కులు, రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రాలు, సొసైటీ బాకీ కాగితాలు, బీమా దరఖాస్తులు, ఏవైనా సరే. అవి ఒరిజినల్స్ కావాలి, ఎవరూ కాదనలేనివి కావాలి, వీలైతే పది పన్నెండు ఉండాలి. ఇంట్లో పాత డైరీలో సంతకం ఉందని తెస్తే, అది మీరే పెట్టారేమోనని వాది అంటాడు. బ్యాంకు నుంచో ప్రభుత్వ కార్యాలయం నుంచో కోర్టు ద్వారా తెప్పించిన కాగితానికి ఆ బెడద లేదు.

రెండో గుంపులో పెన్షన్ కాగితాలను ముందు చూడండి. పెన్షనర్లు ఏటా బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇస్తారు కదా, 2024 చివర్లోనో 2025 మొదట్లోనో ఇచ్చిన పత్రం మీద ఏముంది? సంతకమా, వేలిముద్రా? బ్యాంకులో ఆ నెలల్లో డబ్బు తీసుకోవడానికి నిశాని (వేలిముద్ర) వేసి ఉంటే, పక్కన సాక్షి సంతకం కూడా ఉంటుంది. ఫిబ్రవరిలో బ్యాంకులో నిశాని వేసిన మనిషి మార్చిలో వడ్డీ వ్యాపారి ఇంట్లో చక్కని సంతకం ఎలా చేశాడన్న ప్రశ్నకు మైక్రోస్కోపు అక్కర్లేదు. ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలూ, ఫిజియోథెరపీ రికార్డులూ తెప్పించండి. కుడిచేతిలో ఎంత బలం ఉందో వైద్యులు రాసి ఉంటారు.

మన ప్రాంతపు కోర్టులు పదేపదే చెప్పే మాట ఒకటి ఈ సందర్భంలో చెప్పాలి, మీకు కాకపోయినా చదివే ఇతరులకు పనికొస్తుంది. వివాదం మొదలయ్యాక వకాల్తా మీద, జవాబు దావా మీద చేసిన సంతకాలను నమూనాగా పంపమని అడగవద్దు. కాదనదలచుకున్నవాడు అప్పటికే చెయ్యి మార్చి సంతకం చేసి ఉండవచ్చు. అవి నమ్మదగిన నమూనాలు కావు.

నోటు ఒరిజినల్ కోర్టులో ఉంటుంది. మీ చేతిలో ఉన్న జెరాక్సు మీద ఏ నిపుణుడైనా ఖాయంగా అభిప్రాయం చెప్పేస్తే ఆ నిపుణుడికి డబ్బు ఇవ్వకండి. జెరాక్సులో ఒత్తిడి పోతుంది, కలం ఎత్తిన చోట్లు పోతాయి, గాడి పోతుంది. మిగిలేది ఆకారం, దాన్నే కదా దొంగ జాగ్రత్తగా నకలు చేసింది. మీ దగ్గరున్న నాన్నగారి కాగితాలను కూడా లామినేషన్ చేయించవద్దు. కొత్తగా మడవవద్దు, పిన్ను కొట్టవద్దు, వాటి మీద ఇంకో కాగితం పెట్టి రాయవద్దు. మంచి ఉద్దేశంతో లామినేషన్ చేయించి తెచ్చిన కాగితాలను చూసి ఎన్నోసార్లు తల పట్టుకున్నాను.

పంపించే పద్ధతి ఇది. పాత సాక్ష్య చట్టం 45వ సెక్షన్ కింద వేసే పిటిషను ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 39వ సెక్షన్ కింద వేయాలి, 2024 జూలై 1 నుంచి అది అమల్లో ఉంది. కోర్టు ఒప్పుకుంటే నోటునూ నమూనాలనూ సీలు చేసి రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబుకు పంపుతుంది. పిటిషనులో ప్రశ్నలు మీరే స్పష్టంగా రాయించుకోండి. "సంతకం అసలుదో కాదో తేల్చగలరు" అన్న ఒక్క వాక్యం చాలదు. వెనక సంతకం 2024 ఆగస్టు తర్వాతి నమూనాలతో సరిపోతుందా? అది ముందువైపు సంతకం నుంచి దించినదా? చెల్లు రాతకూ, దాని కింద సంతకానికీ ఒకే సిరా వాడారా? వెనకవైపు కాగితంలో సిరా లేని ఒత్తిడి గాడులు ఏమైనా ఉన్నాయా? అడగని ప్రశ్నకు ల్యాబు జవాబు రాయదు. అది మా అలసత్వం కాదు, మా పరిధి.

సిరాల సంగతి రాశాను కాబట్టి ఒక భ్రమ తీరుస్తాను. కంటికి ఒకేలా కనిపించే రెండు నీలి సిరాలు పరారుణ కాంతిలో వేరైపోతాయి. ఒకటి మాయమవుతుంది, ఇంకొకటి నల్లగా నిలబడుతుంది. ఒకటిని నాలుగుగా దిద్దిన అంకెలు అలాగే దొరుకుతాయి. కానీ ఈ సిరా ఎన్ని నెలల క్రితం కాగితం మీద పడింది అని అడిగితే, నమ్మకంగా తేదీ చెప్పే పద్ధతి మన ల్యాబుల్లో మామూలుగా లేదు. ఈ మాట కోర్టు తీర్పుల్లోనూ ఉంది. సిరా వయసు చెబుతామని ఎవరైనా మీ దగ్గరికి వస్తే జాగ్రత్త.

పాత తేదీ వేసిన కాగితాలకైతే సిరా అక్కర్లేని దారులు ఉంటాయి. 1978 నాటి పత్రంలో మండలం పేరు కనిపిస్తే చాలు, మండలాలు పుట్టిందే 1985లో. 1970 నాటి కాగితం మీద పిన్‌కోడ్ ఉంటే, అది మొదలైంది 1972 ఆగస్టు 15న. రూపాయి గుర్తు 2010లో వచ్చింది. పాకిస్తాన్‌లో 2006 తేదీతో ఉన్న ట్రస్టు పత్రం కాలిబ్రి ఫాంటులో ఉండటంతో 2017లో ఎంత గొడవైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఫాంటు జనం చేతికి విస్తృతంగా వచ్చింది 2007లో. మీ నోటు నిన్నమొన్నటిది కాబట్టి ఇవి మీకు పనికిరావు, కానీ అచ్చు ఫారం మీద అడుగున ముద్రణ వివరాలు ఏమైనా ఉన్నాయేమో ఒకసారి చూడండి, ఖర్చు లేని పని.

నివేదిక వచ్చాక దాన్ని ఎలా చదవాలి? వివాదాస్పద సంతకాలను ఎర్ర పెన్సిల్‌తో చుట్టి క్యూ1, క్యూ2 అనీ, నమూనాలను నీలి పెన్సిల్‌తో చుట్టి ఎస్1, ఏ1 అనీ గుర్తులు వేస్తారు. చివరి పేరాలో తీర్మానం ఉంటుంది, అందరూ అదే చదివి పక్కన పెడతారు. మీరు కారణాలు చదవండి. "మొత్తం పోలికలు ఉన్నాయి" అని ఊరుకున్న నివేదిక బలహీనమైనది. ఫలానా అక్షరంలో ఫలానా చోట ఫలానా తేడా అని ఫొటోలతో చూపినదే క్రాస్ పరీక్షలో నిలబడుతుంది. "చాలినన్ని నమూనాలు లేనందున అభిప్రాయం చెప్పలేం" అని రావచ్చు కూడా. దాన్ని ఓటమిగా తీసుకోకండి, ఇంకా నమూనాలు తెచ్చి మళ్లీ పంపమని అడగవచ్చు.

తీర్మానం మీకు అనుకూలంగా వచ్చినా జడ్జి గారు దానికి కట్టుబడి ఉండనక్కర్లేదు. 1980 నాటి మురారీలాల్ కేసులో సుప్రీంకోర్టు తరఫున మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి రాసిన తీర్పు నేటికీ ఈ రంగంలో కొలబద్ద. చేవ్రాత నిపుణుడి మాటకు వేరే ఊతం ఉండి తీరాలనే నియమం ఏదీ లేదంటూనే, వేలిముద్రల శాస్త్రంలా ఇది అంత పరిపూర్ణం కాదు కాబట్టి జాగ్రత్తగా కారణాలు పరిశీలించి తీసుకోవాలని అందులో చెప్పారు. నాకు ఆ తీర్పు మీద గౌరవం ఎక్కువ. మమ్మల్ని నెత్తిన పెట్టుకోలేదు, నేలకేసి కొట్టలేదు.

అందుకే మీ వైపు ల్యాబు నివేదిక ఒక్కటే నిలబడకూడదు. దస్తూరి ఎవరు, చెల్లు మీద సాక్షులెవరు, ఆ రోజు వాళ్లు ఎక్కడ కూర్చున్నారు, నాన్నగారు అక్కడికి ఎలా వచ్చారు, ఎవరు పట్టుకుని నడిపించారు, కలం ఏ చేత్తో పట్టుకున్నారు? ఈ ప్రశ్నలు వకీలు గారు వాది సాక్షులను ఒక్కొక్కరినీ విడివిడిగా అడగాలి. "ఎప్పటిలాగే కుడిచేత్తో చేశారు" అని వాళ్లలో ఒక్కరు అన్నా, పక్కన వైద్యుడి కాగితం ఉంటే మిగతాది జడ్జి గారే చూసుకుంటారు. ఒకవేళ ముందువైపు సంతకం అసలుదని తేలి, చెల్లు కూడా నిజమేనని తేలినా, నాన్నగారి నుంచి మీకు వచ్చిన ఆస్తి మేరకే మీ బాధ్యత, మీ సొంత సంపాదన జోలికి రాలేరు. ఆ భయంతో తొందరపడి రాజీకి వెళ్లకండి.

ఈ వారంలో చేయవలసింది ఒకటే. నాన్నగారి పెన్షన్ ఖాతా ఉన్న బ్యాంకుకు అమ్మగారితో వెళ్లి, 2024 ఆగస్టు తర్వాత ఆయన పేరు మీద ఉన్న ప్రతి స్లిప్పునూ, ధ్రువపత్రాన్నీ కోర్టు కేసు కోసం భద్రపరచమని రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. బ్యాంకులు పాత వోచర్లను ఎల్లకాలం దాచవు. వాటి మీద సంతకం ఉందా, నిశాని ఉందా చూసి ఇక్కడ రాయండి. దాన్ని బట్టి పిటిషనులో ఏ ప్రశ్న ముందు పెట్టాలో చెబుతాను.